ఏడడుగుల నాలుగంగుళాల ఎర

శ్రోతలకు నమస్కారం.

2024 ఏప్రిల్ 8 రాత్రి, అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని గ్లెండేల్‌లో కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది. పర్డ్యూ విశ్వవిద్యాలయం జట్టు చేసినవి 60 పాయింట్లు. అందులో 37 జాక్ ఈడీ అనే కెనడా కుర్రాడివే. అయినా కప్పు 75 పాయింట్లు చేసిన కనెటికట్ విశ్వవిద్యాలయం జట్టుకు దక్కింది.

ఈడీ ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. రింగు ఉండేది 10 అడుగుల ఎత్తున. ఇక అడ్డేముంది అనిపిస్తుంది కదా! అతను రింగుకు వీపు పెట్టి నిలబడి ఒక చెయ్యి పైకెత్తుతాడు. ఆ చేతికి బంతి అందిస్తారు. ఒకసారి నేలకు కొట్టి, భుజం తిప్పి, ప్రత్యర్థి తల మీదుగా మెల్లగా వేసేస్తాడు. చూడ్డానికి పెద్ద సొగసైన ఆటేమీ కాదు, కానీ ఆపడం మహా కష్టం. అందుకని ఎదుటి జట్టు రెండో మనిషిని కూడా అతని మీదికి పంపుతుంది. పర్డ్యూకు కావలసింది సరిగ్గా అదే. ఆ రెండో మనిషి వదిలి వచ్చిన ఆటగాడు మూడు పాయింట్ల గీత బయట ఒంటరిగా ఉంటాడు. అక్కడి నుంచి వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లు. బంతి వెనక్కి అతని చేతికి వెళుతుంది. ఆ ఏడాది పర్డ్యూ అలాంటి దూరపు షాట్లు పదింట నాలుగు వేసింది. పేరుకు దాడి చేసేవాడే అయినా, ఈడీ చేసే పని సగం ఎరగా ఉండటమే.

పొడుగువాళ్లంటే ఈ ఆటకు పాత భయమే. 1967 నుంచి 1976 దాకా కాలేజీ ఆటలో డంక్‌ను, అంటే ఎగిరి బంతిని చేత్తో రింగులోకి కుక్కడాన్ని, నిషేధించారు. అది లూ ఆల్సిండర్ అనే పొడుగాటి ఆటగాణ్ని ఆపడానికేనని చాలామంది చెప్పుకున్నారు. కరీమ్ అబ్దుల్ జబ్బార్‌గా మనకు తెలిసినవాడు ఆయనే. అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏలో, అడ్డుకునే జట్టువాడు ఎవరినీ కాపు కాయకుండా రింగు కింద మూడు సెకన్లకు మించి నిలబడితే తప్పు. కాలేజీ ఆటలో ఆ నియమం లేదు. కాబట్టి పొడుగువాడి చుట్టూ గుమిగూడవచ్చు. బయట గురి కుదిరినవాళ్లు లేకపోతే ఆ గుంపు చెదరదు.

కనెటికట్ ఆ గుంపే కట్టలేదు. ఈడీని చాలావరకు 7 అడుగుల 2 అంగుళాల డొనోవన్ క్లింగన్‌కు వదిలేసి, మిగతావాళ్లను బయటి గీత దగ్గరే ఉంచింది. రెండేసి పాయింట్లు పోతే పోనీ, మూడేసి మాత్రం ఇవ్వం అన్నట్టు! పర్డ్యూకు ఆ రాత్రి దూరం నుంచి ఏడే షాట్లు దొరికాయి. వాటిలో పడింది ఒక్కటి.

క్లింగన్‌ను దాడిలో వాడిన తీరు కూడా వేరు. సహచరుణ్ని తరుముతున్నవాడి దారిలో గోడలా నిలబడతాడు. అవతలివాడు తట్టుకుని ఆగగానే గిరుక్కున తిరిగి రింగు వైపు పరుగెత్తుతాడు. బంతి గాలిలోంచి అతని చేతుల్లోకి వస్తుంది. ఇంకొన్ని జట్లు పొడుగువాణ్ని గీత బయటే నిలబెడతాయి. కాపలాకు ఎదుటి పొడుగువాడూ బయటికి రాక తప్పదు. ఖాళీ అయిన రింగు కిందికి పొట్టివాళ్లు దూసుకుపోతారు.

ఈసారి ఆట చూసినప్పుడు, పొడుగువాడికి బంతి అందిన క్షణంలో అతన్ని చూడటం మానేసి, పక్కన ఇంకొకరిని కాపు కాస్తున్నవాడి పాదాలు చూడండి. ఆ ఫైనల్లో అవి చాలావరకు ఈడీ వైపు కదల్లేదు.