లాప్‌టాప్ స్క్రీన్ ఎలా తుడవాలి? పైన మజ్జిగ ఒలికితే ముందు ఏం చేయాలి?

[దృశ్యం: లాప్‌టాప్ స్క్రీన్, బాగా దగ్గర నుంచి. కింది అంచు నుంచి పైదాకా నిలువు గీతలు.]

ఈ గీతలు చూశారా? ఈ లాప్‌టాప్ కింద పడలేదు. దీని మీద ఎవరూ కూర్చోలేదు. శుభ్రం చేశారు, అంతే.

నమస్కారమండీ. గుంటూరు అరండల్‌పేటలో మా రిపేరు షాపులో కూర్చునే ఈ వీడియో తీస్తున్నాను. ఈ లాప్‌టాప్ మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తాగారిది. సీజన్‌లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటే అక్కడ గాలి ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకు తెలుసు, గేటు దాటగానే తుమ్ము. స్క్రీన్ మీద ఎర్రటి దుమ్ము పేరుకుందని ఆయన అద్దాలు తుడిచే నీలం స్ప్రే తెచ్చి, నేరుగా స్క్రీన్ మీద నాలుగుసార్లు కొట్టి, టిష్యూ పేపరుతో గట్టిగా రుద్దారు. "శుభ్రంగా ఉంచుకుందామనే కదా బాబూ చేసింది" అంటారు పాపం.

[దృశ్యం: పెన్ను మొనతో స్క్రీన్ కింది అంచును చూపించడం.]

స్ప్రే కొడితే చుక్కలు కిందికి జారతాయి. ఇదిగో, ప్యానెల్‌కీ ఈ ప్లాస్టిక్ ఫ్రేముకీ మధ్య సన్నటి సందు. చాలా లాప్‌టాప్‌లలో స్క్రీన్‌కి సిగ్నల్ అందించే చిప్పులు, పల్చటి రిబ్బన్లు ఈ కింది అంచులోనే ఉంటాయి. తడి అక్కడికి దిగితే ఇలా గీతలు పడతాయి. ఒక్కోసారి స్క్రీన్ సగం నల్లబడుతుంది. అప్పుడిక ప్యానెల్ మార్చడమే.

ఇంకో సంగతి. టచ్ లేని చాలా లాప్‌టాప్‌లలో మనం చూసేది అద్దం కాదు, ప్లాస్టిక్ పొర. వెలుతురు కంట్లో కొట్టకుండా దాని మీద సన్నటి కోటింగ్ ఉంటుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు, నెయిల్ పాలిష్ తీసే అసిటోన్ ఆ కోటింగ్‌ని తినేస్తాయి. తర్వాత మబ్బు పట్టినట్టు మచ్చలు మిగులుతాయి, ఎంత తుడిచినా పోవు. కరోనా రోజుల్లో చేతికి రాసుకునే శానిటైజర్‌తో తుడుచుకొచ్చినవాళ్లు కూడా ఉన్నారు. చర్మం పొడిబారకుండా శానిటైజర్‌లో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, అది స్క్రీన్ మీద జిడ్డుగా ఉండిపోతుంది.

సరే, తుడుద్దాం.

[దృశ్యం: లాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసి, స్క్రీన్‌ని కిటికీ వైపు తిప్పడం.]

ముందు ఆపేయండి. నల్లటి స్క్రీన్ మీదే దుమ్ము కనిపిస్తుంది. ఇప్పుడు గుడ్డ ముట్టుకోవద్దు, ముందు దుమ్ము రాలాలి. కెమెరాలకు వాడే రబ్బరు బ్లోయరుతో ఇలా నొక్కండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర్లు పడతాయి. దుమ్ము ఉండగానే పొడి గుడ్డతో రుద్దితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. యార్డు దుమ్ములో మట్టి, ఇసుక, మిరప తొక్కల నలుసులు, అన్నీ ఉంటాయి మరి.

తర్వాత మైక్రోఫైబర్ గుడ్డ. కళ్లజోడు కొంటే ఇస్తారే, అదే చాలు. చీర కొంగు, టవలు, టిష్యూ వద్దు. జరీ కొంగైతే అసలే వద్దు. గుడ్డ మూలన కొంచెం నీళ్లు చల్లి పిండండి. మీ అరచేతికి రాసుకుంటే చల్లగా తగలాలి, తడి అంటకూడదు. అంతకంటే ఎక్కువ తడి ఉంటే మళ్లీ పిండండి. పై నుంచి కిందికి, నొక్కకుండా, ఒకే వైపు. ఆఖర్న పొడి గుడ్డతో ఒకసారి.

నీళ్లంటే బోరు నీళ్లు కాదండోయ్. మన వైపు బోరు నీళ్లు బకెట్లో ఆరితే అంచున తెల్లటి చారలు కడతాయి కదా, స్క్రీన్ మీదా అవే వస్తాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా దొరికితే అన్నిటికంటే మంచిది. యాసిడ్ క్యాను కాదు, నీళ్ల సీసా, చూసి తీసుకోండి. జిడ్డు మరకలు నీళ్లకు పోకపోతే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంది. మీ మోడల్‌కి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో మాన్యువల్‌లో చూసుకుని, గుడ్డకే అద్ది వాడండి.

ఇక మజ్జిగ దగ్గరికి వద్దాం.

రిపేర్లు నేర్చుకోకముందు నా సొంత లాప్‌టాప్ మీదే ఉప్పేసిన మజ్జిగ గ్లాసు బోల్తా కొట్టించాను. గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పెట్టి, పొద్దున్నే ఆన్ చేశాను. వెలిగింది! ఇంట్లో అందరికీ గొప్పగా చూపించాను. మూడో రోజు చచ్చిపోయింది. తడి ఆరిపోయింది కదా, మళ్లీ ఎందుకు పోయిందో చాలాకాలం అర్థం కాలేదు. ఇదిగో, ఇప్పుడు చూపిస్తాను.

[దృశ్యం: రెండు గాజు గ్లాసులు, రెండింటిలో ఉప్పు నీళ్లు, ఒక్కోదాంట్లో రెండేసి రాగి తీగలు. ఒక గ్లాసు తీగలకు మాత్రం 9 వోల్టుల బ్యాటరీ.]

నీళ్లు ఒకటే, ఉప్పు ఒకటే, తీగలూ ఒకటే. ఈ గ్లాసులో తీగలు అలాగే ఉన్నాయి. బ్యాటరీ తగిలించిన గ్లాసులో మాత్రం ఒక తీగ నుంచి బుడగలు వస్తున్నాయి. రెండో తీగ కరుగుతోంది, నీళ్లు మడ్డి రంగుకి తిరిగాయి. కిటికీ తెరిచి చేస్తున్నాను, ఇంట్లో పిల్లలచేత చేయించకండి.

లాప్‌టాప్ బోర్డు మీద ఇలాంటి రాగి దారులు వేలకొద్దీ ఉంటాయి, పక్కపక్కనే, వెంట్రుకలంత సన్నగా. తడి, ఉప్పు, కరెంటు మూడూ కలిశాయా, లోహం కరిగి పక్క దారి మీద పేరుకుంటుంది. నేను పొద్దున్నే ఆన్ చేసి ఆ మూడోది నా చేతులతో నేనే అందించాను. పైగా లాప్‌టాప్ ఆపినా, లోపల బ్యాటరీ నుంచి బోర్డులో కొంత భాగానికి కరెంటు వెళ్తూనే ఉంటుంది. కాబట్టి ఒలికిన వెంటనే చేయాల్సిన పని తుడవడం కాదు, కరెంటు తీయడం.

[దృశ్యం: పాత లాప్‌టాప్‌తో చేసి చూపించడం.]

ఛార్జర్ పెట్టి ఉంటే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి, తర్వాత లాగండి. పవర్ బటన్‌ని స్క్రీన్ ఆరిపోయేదాకా నొక్కి పట్టుకోండి, పది సెకన్లు పట్టొచ్చు. ఫైలు సేవ్ చేద్దాం, షట్‌డౌన్ నొక్కుదాం అని మెనూల్లోకి పోవద్దు. పెన్‌డ్రైవ్, మౌస్ తీసేయండి. పాత మోడళ్లలో బ్యాటరీ ఊడుతుంది, ఊడదీయండి. ఇప్పుడు మూత తెరిచే ఉంచి, టెంటు వేసినట్టు ఇలా తిరగేసి తువ్వాలు మీద పెట్టండి. పై నుంచి దిగింది పై నుంచే బయటికి వస్తుంది. ఊపొద్దు, ఊపితే తడి వెళ్లని చోటుకి కూడా వెళ్తుంది. మూత మూసి తెరిస్తే కొన్ని లాప్‌టాప్‌లు వాటంతటవే ఆన్ అవుతాయి, ఆ పనీ చేయకండి.

బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. మన బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 అన్నానికి గొప్ప బియ్యమే, లాప్‌టాప్ లోపలి తడిని మాత్రం పీల్చలేదు. తడిసిన ఐఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దు, సన్నటి నలుసులు లోపలికి పోతాయని యాపిల్ కూడా 2024లో రాసింది. హెయిర్ డ్రైయర్ వేడికి కీలు వంకర్లు పోతాయి. డాబా మీద ఎండలో పెట్టడం ఇంకా ఘోరం. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, లోపలున్నది లిథియం బ్యాటరీ. వాడకుండా పక్కన పెట్టిన మ్యాక్‌బుక్‌కే యాపిల్ పెట్టిన హద్దు 45 డిగ్రీలు. మే నెలలో మన డాబా సంగతి మీకు తెలుసు.

ఒలికింది మంచినీళ్లయితే రెండు రోజులు గాలికి ఆరనిచ్చి, వీలైతే విప్పించి చూసుకుని ఆన్ చేయొచ్చు. టీ, మజ్జిగ, కూల్ డ్రింకు, కొబ్బరినీళ్లయితే ఆరేదాకా ఆగొద్దు. నీరు ఆరినా చక్కెర, ఉప్పు లోపలే ఉంటాయి. ఆ రోజే షాపుకి తీసుకెళ్లి, "ముందు బ్యాటరీ కనెక్టర్ తీయండి, క్లీన్ చేయకుండా ఆన్ చేయకండి" అని చెప్పండి. ఏం ఒలికిందో నిజం చెప్పేయండి. నీళ్లని చెబుతారు, విప్పితే ఏలకుల వాసన! అది తెలిస్తే మేం బోర్డుని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడుగుతాం. కొన్ని లాప్‌టాప్‌ల లోపల తెల్లటి స్టిక్కర్లు ఉంటాయి, తడి తగిలితే ఎర్రబడతాయి. అందుకే వారంటీ దగ్గర దాచినా దాగదు. మామూలు వారంటీలో తడి వల్ల వచ్చే నష్టం ఎలాగూ రాదు, యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాను విడిగా తీసుకుని ఉండాలి.

బోర్డు పోయినా డేటా పోయిందని అప్పుడే ఏడవకండి. చాలా లాప్‌టాప్‌లలో ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీ విడిగా ఊడుతుంది, వేరే కంప్యూటర్‌కి పెట్టి చదవొచ్చు. విండోస్‌లో డేటాకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ అడుగుతుంది, అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ఇవాళే చూసి రాసి పెట్టుకోండి. ఇప్పటి మ్యాక్‌బుక్‌లలో స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటుంది, వాటికి బ్యాకప్ తప్ప దారి లేదు.

[దృశ్యం: మొదటి లాప్‌టాప్, కొత్త ప్యానెల్‌తో వెలుగుతూ.]

గుమాస్తాగారికి ప్యానెల్ మార్చాం. పట్టుకెళ్తుంటే ఒక బ్లోయరు, ఒక గుడ్డ చేతిలో పెట్టాను. నీలం స్ప్రే ఇంకా ముప్పాతిక సీసా ఉందట, కొట్లో గోడ గడియారం అద్దానికి వాడుకుంటానన్నారు.