పొత్తిగుడ్డలంటే ఏమిటమ్మా?

అందరికీ వందనాలండి. ఈ వీడియోలో కేకు లేదు, ఇంటి అలంకరణ లేదు. వాటి కోసం వచ్చినవాళ్లు నన్ను క్షమించాలి. నా చేతిలో ఉన్నది చూడండి. పాత నేతచీర ముక్క. మా అత్తగారిది. ఉతికి ఉతికి రంగు వెలిసిపోయింది, పట్టుకుంటే వెన్నలా ఉంది. ఈ గుడ్డ సంగతి చెప్పాలనే కూర్చున్నాను. కాకపోతే అక్కడికి రావడానికి కొంచెం చుట్టు తిరగాలి.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. ఆంధ్రా వైపున్న పాతపట్నం మాకు పక్క వీధి లాంటిది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, చుట్టాల్లో చాలామంది అటు ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, బజారులో రెండు భాషలూ, పిల్లల బడిలో ఒడియా. కొండ ఎక్కితే సవర భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం మా జిల్లాలో నూటికి దాదాపు 38 మంది క్రైస్తవులు. కాబట్టి డిసెంబరు వచ్చిందంటే మా దగ్గర చప్పుడు తక్కువేమీ ఉండదు. మేము క్రిస్మస్ అంటాం, ఒడియావాళ్లు బడదిన అంటారు, అంటే పెద్ద రోజు. పేరు బాగుంది. ఆ పెద్ద రోజు కోసం నెల రోజుల పాటు మేము పడే హడావుడి కూడా పెద్దదే.

ఎంత పెద్దదో చెబుతాను. నెల మొదట్లోనే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. మన సంఘానిది ఒకటి, పక్క సంఘానిది ఒకటి, యువజనులది ఒకటి, స్త్రీల సమాజానిది ఒకటి, చివరికి అందరూ కలిసి చేసే ఐక్య క్రిస్మస్ ఒకటి. ప్రతిదానికీ ఒక ఫ్లెక్సీ, ఫ్లెక్సీలో కేకు కోసేవాళ్ల ఫొటోలు. యేసు పుట్టుకను గురించిన ఫ్లెక్సీలో ఆయన బొమ్మ తప్ప అందరి బొమ్మలూ ఉన్న సంవత్సరాలు కూడా నేను చూశాను. రాత్రి పన్నెండు దాటాక క్యారల్స్ బృందం తలుపు కొడుతుంది. వాళ్లకు టీ పెట్టాలి. మా చిన్నప్పుడు డప్పు, తాళాలు, ఒక పెట్రోమాక్స్ దీపం పట్టుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడు ట్రాలీ ఆటో మీద స్పీకరు పెట్టెలు వస్తున్నాయి. పాట మొదలుపెట్టగానే మా బీరువా మీద గిన్నెలు వణుకుతాయి. క్రిస్మస్ తాత వేషం కట్టినవాడు చాక్లెట్లు విసురుతాడు, పిల్లలు వాటి వెనక పరుగెడతారు. పాస్టరుగారు రెండు మాటలు ప్రార్థన చేసే లోపల ముందు బండి కదిలిపోతుంది, పక్క వీధి వాళ్లు ఎదురుచూస్తున్నారని.

నేను వీటిని తప్పు పట్టడం లేదు. నాకూ ఇష్టమే. ఇంటి ముందు నక్షత్రం లేకపోతే నాకు నిద్ర పట్టదు. అరిసెల పాకం ముదిరితే ఆ రోజంతా నాతో ఎవరూ మాట్లాడలేరు. మా పక్కింటి ఒడియా ఆవిడ మార్గశిర గురువారాల్లో లక్ష్మీ పూజ చేసుకుని మాకు పళ్లెం పంపుతారు. క్రిస్మస్‌కు మేము అరిసెలు పంపితే, "ఇది మా అరిసా పిఠానే కదా" అని ప్రతి ఏడూ అదే మాట అని నవ్వుతారు. ఇద్దరిదీ కొత్త బియ్యప్పిండే, ఇద్దరిదీ బెల్లం పాకమే. ఎవరు ఎవరికి నేర్పారో తేల్చడానికి నాకు ఓపిక లేదు.

అసలు విషయానికి వస్తాను. మొన్నటి క్రిస్మస్‌కు ముందు, ఒక రాత్రి అత్తగారు మంచం మీద కూర్చుని బైబిలు తీశారు. లూకా సువార్త రెండో అధ్యాయం. ప్రతి డిసెంబరులోనూ ఆవిడ అది చదువుతారు, ఎవరూ వినకపోయినా పైకే చదువుతారు. మా చిన్నవాడు పక్కన కూర్చుని రంగు కాగితాలు కత్తిరిస్తున్నాడు. ఆవిడ "పొత్తిగుడ్డలతో చుట్టి" అని చదవగానే వాడు తల ఎత్తి, "పొత్తిగుడ్డలంటే ఏమిటమ్మా?" అని నన్ను అడిగాడు.

ఐదో తరగతి చదువుతున్నాడు వాడు. సండే స్కూలులో రెండుసార్లు గొర్రెల కాపరి వేషం వేశాడు. ఒకసారి గొర్రె వేషం కూడా. కేకు మీద క్రీము ఎన్ని పొరలు ఉంటుందో చెప్పగలడు. పుట్టిన బిడ్డను దేనిలో చుట్టారో వాడికి తెలియదు. ఎందుకు తెలియదని నా మీద నాకే కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. మా ఇంట్లో ఉన్న బైబిలు తెలుగు. మా పిల్లవాడు చదవగలిగింది ఒడియా. నాయనమ్మ చదువుతుంటే వాడికి సగం మాటలు అందవు, తనంతట తాను పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరం కూడా రాదు. అంటే మా ఇంట్లో విశ్వాసం ఒక పుస్తకంలో ఉంది, ఆ పుస్తకానికీ మా పిల్లవాడికీ మధ్య లిపి అడ్డం ఉంది. ఆ ఖాళీలోకి కేకు వచ్చి కూర్చుంది, క్రిస్మస్ తాత వచ్చి కూర్చున్నాడు. వాళ్లను తిట్టి ఏం లాభం? చోటు ఇచ్చింది మేమే.

బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి ఈ వీడియో చూస్తున్నవాళ్లకు నేను చెప్పేది కొత్తగా అనిపించదు. మీ ఇళ్లలోనూ ఇదే కథ. పాట నోటికి వస్తుంది, ఎందుకంటే పాట విని నేర్చుకోవచ్చు. వాక్యం రాదు.

అత్తగారు ఆ రాత్రి ఏం చేశారంటే, ఏమీ వివరించలేదు. లేచి వెళ్లి ట్రంకు పెట్టె తెరిచి ఈ గుడ్డ తెచ్చారు. వాడి ఒళ్లో పెట్టి, "నువ్వు పుట్టినప్పుడు నిన్ను చుట్టింది ఇదే" అన్నారు. మన వైపు పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ తొడగరు కదా, గరుకుగా ఉంటుందని. ఇంట్లో పెద్దావిడ కట్టి మెత్తబడిన నూలు చీర చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, దానిలో చుడతారు. అంచు ఉంటే గుచ్చుకుంటుందని తీసేస్తారు. చూడండి, ఇక్కడ అంచు కోసిన చోటు పీచులు లేచి ఉంది. ఈ మూలన పసుపు మరక కూడా ఉంది, ఎంత ఉతికినా పోలేదట. వాడు దాన్ని ముఖానికి ఆనించుకుని వాసన చూశాడు. "యేసును కూడా ఇట్లాంటి దానిలోనే చుట్టారా?" అన్నాడు. "మరియమ్మ కూడా తల్లే కదురా" అన్నారు ఆవిడ.

ఇన్నేళ్లలో నేను విన్న క్రిస్మస్ ప్రసంగాలలో ఇంత చిన్నది, ఇంత బాగున్నది మరొకటి లేదు. పాస్టరుగార్లు నొచ్చుకోవద్దు.

మర్నాడు నేను బజారుకు వెళ్లి ఒడియా బైబిలు కొన్నాను. ఆ సాయంత్రం నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. దీపాలు పెట్టాక పదిహేను నిమిషాలు. నాయనమ్మ తెలుగులో నాలుగు వచనాలు చదువుతారు, అవే నాలుగు వచనాలు వాడు ఒడియాలో చదువుతాడు. టీవీ ఆపాలి. ఫోను బీరువాలో పెట్టాలి. ఈ రెండో నియమం దగ్గర ఇంట్లో తిరగబడింది పిల్లవాడు కాదు, మా ఆయన.

అత్తగారికి మొదట ఇది అంతగా నచ్చలేదు. ఆవిడ దృష్టిలో యేసుప్రభువు తెలుగువాడే, తెలుగు వాక్యమే అసలైనది. బెంగాల్‌లోని శ్రీరాంపూరులో ఒడియా కొత్త నిబంధన 1809లోనే అచ్చయిందనీ, తెలుగు కొత్త నిబంధన అక్కడే అచ్చయింది ఆ తర్వాత, 1818లో అనీ చెబితే రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. అప్పుడు నేను పురుషోత్తమ చౌధురిగారి సంగతి ఎత్తాను. ఆవిడ రోజూ పాడుకునే కీర్తనల్లో సగం ఆయనవే. 1803లో మా పర్లాకిమిడి ప్రాంతంలోనే పుట్టారు, పుట్టింది బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో. బెంగాలీ ఇంటి బిడ్డ తెలుగులో అన్ని కీర్తనలు రాయగా లేనిది, తెలుగింటి బిడ్డ ఒడియాలో నాలుగు వచనాలు చదివితే వచ్చిన నష్టం ఏమిటి అన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు. కానీ ఆ సాయంత్రం వాడు ఒడియాలో చదువుతుంటే వేలు పెట్టి తన బైబిల్లో అదే వచనం వెంట వచ్చారు.

అట్లా నెమ్మదిగా చదవడం మొదలుపెట్టాక మాకు తెలియనివి ఎన్ని బయటపడ్డాయో! మత్తయి సువార్త రెండో అధ్యాయంలో తూర్పుదేశపు జ్ఞానులు ముగ్గురని ఎక్కడా లేదు. కానుకలు మూడు, బంగారం, సాంబ్రాణి, బోళం. అందుకని మనుషులను కూడా ముగ్గురిని చేశాం. ఒంటె అయితే అసలు లేనే లేదు. వాళ్లు వచ్చింది పశువుల పాకకు కాదు, "ఇంటిలోనికి" వచ్చారని ఉంది. మా చిన్నవాడు ఇది కనిపెట్టి, సండే స్కూలు టీచరును అడుగుతానని తయారయ్యాడు. అడగరా, కానీ నాటకం అయ్యాక అడుగు అని చెప్పాను. ఒంటె వేషానికి గోనె సంచులు అప్పటికే కుట్టేశారు మరి.

డిసెంబరు 25 అని బైబిల్లో ఉందా అని నన్ను అడిగేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. లేదు. ఆ తేదీ నాలుగో శతాబ్దపు రోమా రికార్డుల్లో, క్రీ.శ. 354 నాటి పంచాంగంలో కనిపిస్తుంది. తేదీ మీద పోట్లాడుకునే ఓపిక ఉన్నవాళ్లు ఆ ఓపికతో ఒక అధ్యాయం ఇంట్లో పైకి చదివితే నాకు సంతోషం.

మా మరిది సంగతి చెప్పకుండా ఉండలేను. అతను సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తాడు. మా వైపు నుంచి, గంజాం వైపు నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు ఎందరో మీకు తెలుసు. రేషన్ కార్డుకు వేలిముద్ర వేయాలి రమ్మని కబురు పెడితే, క్రిస్మస్ కూడా కలిసివస్తుందని సెలవు పెట్టి వచ్చాడు. రైల్లో సీటు లేదు, బరంపురం దాకా తలుపు దగ్గరే కూర్చున్నాడట. ఆ సాయంత్రం మా చిన్నవాడు చదివిన వచనాలు ఏమిటంటే, రోమా చక్రవర్తి కైసరు ఔగుస్తు ఆజ్ఞ, ప్రజాసంఖ్య రాయించుకోవడానికి ఎవరి ఊరికి వాళ్లు వెళ్లడం, యోసేపు నిండు గర్భిణిని వెంటబెట్టుకుని బేత్లెహేముకు బయలుదేరడం. మరిది చేతిలో టీ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. "వదినా, ఇది రేషన్ కార్డు కథే కదా" అన్నాడు. అందరం నవ్వాం. అతను మాత్రం ఎక్కువసేపు నవ్వలేదు. "మొత్తం చదవరా, వాళ్లకు ఉండడానికి చోటు దొరికిందో లేదో చూద్దాం" అన్నాడు. కొన్నేళ్లుగా గుడి మెట్టు ఎక్కని మనిషి. రోజూ వచ్చి కూర్చున్నాడు, సెలవు అయిపోయేదాకా. బిడ్డను చంపాలని చూసిన హేరోదు రాజు కథ వచ్చిన రోజున, యోసేపు రాత్రికి రాత్రే బిడ్డనూ తల్లినీ తీసుకుని ఐగుప్తుకు పోయాడన్న దగ్గర, లేచి బయటకు వెళ్లాడు. ఏమైందని నేను అడగలేదు.

ఈ భాగాన్ని మన నాటకాల్లో ఎవరూ వేయరు. క్యారల్ పాటల్లో ఉండదు, ఫ్లెక్సీలో ఉండదు. కేకు కోసే సభలో దాన్ని ఎక్కడ ఇరికిస్తారు? ఇంట్లో చదివితే మాత్రం తప్పించుకోలేం, వచనాల వరసలో అది వచ్చి తీరుతుంది.

డబ్బు సంగతి కూడా ఒక మాట. పోయిన ఏడాది బట్టల కోసం అప్పు చేయలేదు మేము. గొప్ప నిర్ణయం ఏమీ కాదు, చీరల దుకాణాలు తిరిగే సాయంత్రాలు చదువుకు పోయాయి, అంతే. పెద్దమ్మాయి మాత్రం అలిగింది. దానికి ఒక చుడీదారు కొన్నాను. అలిగిన పిల్లతో పండగ ఏం చేసుకుంటాం?

సెమీ క్రిస్మస్‌లు మానేశారా అని అడుగుతారు మీరు. మానలేదు. రెండింటికి వెళ్లాం, మిగిలిన వాటికి రాలేమని చెప్పాం. ఒక పెద్దాయన కొంచెం కినుకగా, "ఇంట్లో కూర్చుని ఏం చేస్తారమ్మా?" అన్నారు. చదువుకుంటున్నాం అన్నాను. పరీక్షలు అనుకున్నారు ఆయన. నేను సరిదిద్దలేదు.

ఈ ఏడాది సంగతి. అత్తగారికి కుడి కంట్లో శుక్లం వచ్చింది. ఆపరేషను సంక్రాంతి దాటాక చేద్దామన్నారు డాక్టరుగారు. చిన్న అక్షరాలు కనిపించడం లేదు. ఆవిడ చాలా వచనాలు చూడకుండానే చెప్పగలరు, కానీ మధ్యలో ఎక్కడో తట్టుకుని ఆగిపోతారు. వానాకాలం నుంచి మా చిన్నవాడు ఆవిడ పక్కన పలక పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఒడియా అక్షరాలన్నీ గుండ్రంగా గొడుగు పట్టుకున్నట్టు ఉంటాయి, తెలుగువి తలకట్టుతో ఉంటాయి. రెండూ కలిపేసి మొదట్లో ఒక కొత్త లిపి కనిపెట్టాడు.

నిన్న రాత్రి తెలుగు బైబిలు వాడి ఒళ్లో ఉంది. లూకా రెండు, ఏడో వచనం. కూడబలుక్కుంటూ "తన తొలిచూలు కుమారుని కని" దాకా వచ్చాడు. తర్వాత మాట దగ్గర ఆగాడు. పొ అన్నాడు. తకారం కింద తవత్తు చూసి మళ్లీ ఆగాడు. అత్తగారికి ఆ మాట నోటి చివరనే ఉంది, చెప్పబోయారు.

"ఉండు నాయనమ్మా, నేను చదువుతాను" అన్నాడు.