ఇంగ్లీషువారి నోట మన పేరు 'జెంటూ'

నమస్కారం. రెండు వందల ఏళ్ల కిందట చెన్నపట్నంలో ఈస్టిండియా కంపెనీ దొరలు రాసుకున్న కాగితాలు తిరగేస్తే, తమిళులు 'మలబారు'లుగానూ తెలుగువారు 'జెంటూ'లుగానూ కనిపిస్తారు. తమిళులను మలబారులనడంలోని పొరపాటు వినగానే తెలిసిపోతుంది కానీ, మనకు తగిలించిన పేరు ఎక్కడిదో అంత సులువుగా బోధపడదు.

అది పోర్చుగీసు మాట 'జెంతియు'కు ఇంగ్లీషు రూపం. దానికి మూలం లాటిన్ 'గెంటీలిస్'. మన దేశానికి వచ్చిన పోర్చుగీసువారు ఇక్కడి ముస్లింలను 'మూరు'లనీ, హిందువులను అన్యమతస్థులనే అర్థంలో జెంతియులనీ పిలిచారు. ఇంగ్లీషులో ఈ మాట రెండు దారులు పట్టింది: ఒక అర్థంలో జెంటూ అంటే హిందువు, మద్రాసు ప్రాంతంలో ప్రత్యేకించి తెలుగువాడు, అతని భాష.

వారన్ హేస్టింగ్స్ పూనికతో హిందూ ధర్మశాస్త్రాన్ని పారసీ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చిన నథానియల్ హాల్హెడ్, 1776లో అచ్చయిన ఆ గ్రంథానికి 'జెంటూ లాస్' అనే పేరే పెట్టాడు. అయితే పీఠికలో, ఈ మాట సంస్కృతంలోని 'జంతు' నుంచి వచ్చిందనీ, దానికి ప్రాణి అని, కాస్త కుదించి చెబితే మానవుడు అని అర్థమనీ వివరించాడు. తెలుగు చెవికి ఇది నవ్వు తెప్పించకమానదు. వ్యుత్పత్తి తప్పే. కానీ, లాటిన్‌లో వంశాన్ని తెలిపే 'గెన్స్', సంస్కృతంలోని 'జన్' ధాతువు, రెండూ పుట్టుకను సూచించే ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చినవే కనుక, ఆయన దారి తప్పినా చుట్టపు ఇంటి గుమ్మం ముందే ఆగాడనాలి.

1816లో మద్రాసులో వెలువడిన ఎ.డి. క్యాంప్‌బెల్ వ్యాకరణం పేరు చూడండి: 'సాధారణంగా జెంటూ అని పిలిచే తెలుగు భాషా వ్యాకరణం'. అదే పేరులో ఆ భాష మాట్లాడేవారిని 'హిందువులు' అన్నాడు. అంటే మొదటి అర్థాన్ని 'హిందూ' లాగేసుకుంది, రెండోదాన్ని 'తెలుగు' లాగేసుకుంటోంది. మరుసటి ఏడే విలియం బ్రౌన్, మన సి.పి. బ్రౌన్ కాదు, తన వ్యాకరణానికి పాత పేరే ఉంచాడు. 1840లో సి.పి. బ్రౌన్ వ్యాకరణం వచ్చేనాటికి అట్ట మీద ఉన్నది 'తెలుగు' మాత్రమే. ఇంగ్లీషువారి వాడుకలోకి వచ్చిన భారతీయ మాటలకు 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు, ఈ మాట వాడుక తప్పిందనీ, మద్రాసులో మాత్రం కాస్త మిగిలి ఉండవచ్చనీ నమోదు చేసింది.

ఇప్పుడు జెంటూ అని వెతికితే ముందు కనబడేది ఒక పెంగ్విన్, ఆ వెంటనే దాని పేరు పెట్టుకున్న ఒక లినక్స్ కంప్యూటర్ వ్యవస్థ.