అనుపు ఒడ్డున ఓ పొద్దున

శ్రోతలందరికీ నమస్కారం.

వేసవిలో నాగార్జునసాగర్ నీళ్ళు బాగా కిందికి దిగాక, మాచర్ల వైపున్న అనుపు దగ్గర ఒడ్డు వెంబడి పొద్దున్నే నడవడం నాకు చాలా ఇష్టం. డ్యామ్ చూడటానికి వచ్చే జనంలో అక్కడిదాకా వచ్చేవాళ్ళు తక్కువ, వచ్చినా ఫొటోలు దిగి పది నిమిషాల్లో బండెక్కేస్తారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఆ నీళ్ళ అడుగున ఒక రాజధాని ఉంది.

అది ఇక్ష్వాకుల విజయపురి. శాతవాహనుల తర్వాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో, కృష్ణ ఒడ్డున వెలిగిన నగరం. మళ్ళీ అది మన కంటపడటానికి కారణం ఒక బడిపంతులు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య గారనే ఉపాధ్యాయుడు ఆ లోయలో ఒక పాత స్తంభాన్ని చూశారు, చూసి ఊరుకోకుండా మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. అంతకుముందు ఆ దారిన ఎంతమంది గొర్రెలు తోలుకుంటూ పోయి ఉంటారో, ఆగి చూసింది మాత్రం ఆయన. ఆ తర్వాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించినప్పుడు మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం, బయటపడింది, అందులో బుద్ధుడి ధాతువు, అంటే చిన్న ఎముక ముక్క, దొరికింది. అక్కడ స్తూపానికి నాలుగు దిక్కులా నిలబెట్టిన ఆయక స్తంభాల మీది శాసనాలు చదివితే ఎక్కువగా వినపడేవి ఆడవాళ్ళ పేర్లే. రాజుగారి సోదరి చాంతిసిరి, ఇంకొక చోట బోధిసిరి అనే ఉపాసిక, అంటే ఇంట్లో ఉంటూనే బుద్ధుణ్ణి కొలిచే ఆమె, ఇలా దానం చేసిన ఆడవాళ్ళు తమ పేర్లు రాతిలో చెక్కించుకున్నారు. నాకు ఆ లోయలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

తర్వాత డ్యామ్ కట్టాలనుకున్నారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. ఆ లోయంతా మునిగిపోతుందని తెలిసి, పురావస్తు శాఖ వాళ్ళు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. ఆ ఆరేళ్ళూ ఎంత టెన్షన్ పడి ఉంటారో తెలియాలంటే తవ్వకం అనేది ఎంత నిదానమైన పనో ఒకసారి చూడాలి. నేను వేరే చోట గట్టు మీద నిలబడి చూశాను. పురికొసలతో చదరాలుగా నేల విభజించి, గునపం పక్కన పెట్టి, చిన్న తాపీతో మట్టిని పొర పొరగా గీకుతారు, తీసిన మట్టినంతా జల్లెడ పడతారు. గోతి గోడకి ఒక్కో పొర దగ్గర ఒక్కో చీటీ గుచ్చుతారు, ఇదిగో ఇక్కడ బూడిద, ఇక్కడ ఇటుకల పొడి, ఇక్కడ వరద తెచ్చిన ఒండ్రు అని. ఒకామె ఒక కుండ అంచు చుట్టూ బ్రష్‌తో దులుపుతూ గంటసేపు తల ఎత్తలేదు. అలాంటి పనిని, ఒక పక్క డ్యామ్ లేస్తుంటే, ఇంకో పక్క లోయంతా చేయాల్సి వచ్చింది మరి.

దొరికినవాటిలో కొన్నిటిని నాగార్జునకొండ మీదికి చేర్చారు, అదిప్పుడు లాంచీలో వెళ్ళాల్సిన దీవి. కొన్నిటిని ఇటు అనుపులో నిలబెట్టారు. ఇక్కడి మెట్ల ప్రేక్షకశాలలో కింద నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పైమెట్టు మీద కూర్చున్నవాళ్ళకి మైకు లేకుండా వినపడుతుంది. మీరు వెళితే పిల్లలచేత ఒక పద్యం పాడించి చూడండి.

నీళ్ళు వచ్చాక పక్షులూ వచ్చాయి. ఎండిన మోడు మీద నీటికాకులు రెక్కలు బార్లా చాపుకుని ఆరబెట్టుకుంటాయి. నలుపు తెలుపు లకుముకి పిట్ట నీటిపైన గాలిలో ఒకే చోట రెక్కలు కొట్టుకుంటూ ఆగి, ఉన్నట్టుండి ముక్కు కిందికి పెట్టి రాయిలా పడుతుంది, చేప దొరికితే తీసుకెళ్ళి కొమ్మకేసి బాది మింగుతుంది. జలాశయంలో మొసళ్ళు ఉన్నాయి కాబట్టి నీళ్ళలోకి మాత్రం దిగకండి, ఒడ్డుకి కాస్త ఎడంగానే నడవండి.

పోయిన వేసవిలో ఒకరోజు పగుళ్ళిచ్చిన బురద మీద నలుపూ ఎరుపూ కలిసిన పాత కుండపెంకు ఒకటి కనపడింది. వంగి చేతిలోకి తీసుకున్నానో లేదో, తీతువు పిట్ట ఒకటి నెత్తి మీద గింగిరాలు తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. మా ఊళ్ళో దాని కూతని అపశకునం అంటారు. నేను కదలకుండా నిలబడి చుట్టూ వెతికాను. నా కాలికి రెండడుగుల దూరంలో, గులకరాళ్ళ మధ్య, మట్టిరంగు మీద నల్లమచ్చలతో నాలుగు గుడ్లు, మొనలన్నీ లోపలికి తిప్పి ఉన్నాయి, గూడు లేదు, పుల్ల కూడా లేదు. ఇంకో అడుగు వేస్తే తొక్కేసేదాన్ని. పెంకుని తీసిన గుంటలోనే మళ్ళీ పెట్టేసి, వచ్చిన అడుగుల్లోనే అడుగులేస్తూ వెనక్కి నడిచాను. చాలా దూరం వచ్చి తిరిగి చూస్తే, పిట్ట గుడ్ల మీద కూర్చుని ఉంది.