‘తెలుసు’ అనడానికి జర్మన్‌లో ఏ మాట? - ఫోన్-ఇన్ కార్యక్రమం

సమర్పకురాలు: శ్రోతలకు నమస్కారం. జర్మన్ నేర్చుకునేవారిని తికమక పెట్టే పదాల గురించి మీ సందేహాలకు సమాధానం చెప్పడానికి ఒక జర్మన్ ఉపాధ్యాయులు స్టూడియోకు వచ్చారు. మొదటి ఫోన్ కరీంనగర్ నుండి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం సార్. నేను నర్సును, బి2 అనే జర్మన్ భాషా స్థాయి పరీక్షకు చదువుతున్నాను. ‘కెనెన్’, ‘విస్సెన్’ రెండింటికీ తెలియడమనే అర్థం చెప్పారు గానీ, మాట్లాడేటప్పుడు ఒకదానికి బదులు మరొకటి వస్తోంది.

ఉపాధ్యాయుడు: నమస్కారమమ్మా. వీటితో పాటు ‘కొన్నెన్’ను కూడా కలుపుకుంటే చిక్కు త్వరగా విడిపోతుంది. జర్మన్ వాక్యం కట్టే ముందు దానిని తెలుగులో అనుకుని, ‘తెలుసు’కు ముందు ఏముందో చూడండి. ‘ఆ డాక్టరుగారు నాకు తెలుసు’ అన్నప్పుడు ముందున్నది ఒక మనిషి, కాబట్టి ‘ఇష్ కెనె డేన్ ఆర్ట్స్ట్’. మీకు పరిచయమున్న ఊరికైనా, మందుకైనా ఇదే పద్ధతి. ‘డాక్టరుగారు ఎక్కడున్నారో తెలుసు’, ‘ఆయన వచ్చారని తెలుసు’ అన్నప్పుడు ముందు ఒక పూర్తి వాక్యమే ఉండి, అది ‘ఓ’తోనో ‘అని’తోనో ముగుస్తుంది, కాబట్టి అక్కడ ‘విస్సెన్’ రావాలి: ‘ఇష్ వైస్, వో డేర్ ఆర్ట్స్ట్ ఇస్ట్’. ఇక నేర్చుకున్న విద్య గురించి ‘వచ్చు’ అంటామే, అది అచ్చంగా ‘కొన్నెన్’. నాకు జర్మన్ వచ్చు అనడానికి ‘ఇష్ కాన్ డాయిచ్’ అంటే చాలు. ఇంగ్లీషు మీదుగా వెళితే మొదటి రెండింటికీ ‘నో’ అనే ఒక్క మాటే దొరుకుతుంది, అందుకే మన తెలుగు మీదుగానే వెళ్లమని నేను పట్టుబడతాను.

శ్రోత: ఇదివరకు ఒక పరీక్షలో ‘నేను నర్సు అవుతాను’ అనడానికి ‘ఇష్ బెకొమె’ అని రాసి మార్కులు పోగొట్టుకున్నాను సార్.

ఉపాధ్యాయుడు: అదీ ఇంగ్లీషు పోలిక వల్ల వచ్చిన పొరపాటే. ‘బెకొమెన్’ అంటే అందడం, దొరకడం. అవడానికి ‘వేర్డెన్’ వాడాలి: ‘ఇష్ వేర్డె ప్ఫ్లేగెఫాఖ్‌ఫ్రావ్’. జర్మనీలో 2020లో అమలులోకి వచ్చిన నర్సింగ్ చట్టం ప్రకారం వృత్తికి ఇదే పేరు, ‘క్రాంకెన్‌ష్వెస్టర్’ పాత మాట. దరఖాస్తులో కొత్త పేరే రాయండి.

సమర్పకురాలు: ఇప్పుడు డ్రెస్డెన్ నుండి ఒక విద్యార్థి.

శ్రోత: సార్, పక్కింటి పెద్దావిడతో నా చిన్నప్పటి సంగతులు చెబుతూ ‘వాన్’ అని మొదలుపెట్టాను. ఆవిడ నేనేదో ప్రశ్న అడుగుతున్నానని అనుకున్నారు.

ఉపాధ్యాయుడు: ఆవిడ అలా అనుకోవడం సహజమే బాబూ, ఎందుకంటే ‘వాన్’ అంటే ‘ఎప్పుడు’ అనే ప్రశ్న. గడిచిపోయిన కాలంలో ఒక్కసారి జరిగిన సంగతికి, లేదా చిన్నతనం లాంటి ఒక దశకు ‘ఆల్స్’ రావాలి: ‘ఆల్స్ ఇష్ క్లైన్ వార్’, నేను చిన్నగా ఉన్నప్పుడు. అదే ‘ఊరికి వెళ్లినప్పుడల్లా’ అని పదేపదే జరిగినదాన్ని చెబితే, గతమైనా సరే ‘వెన్’ వాడాలి. ముందు జరగబోయేదానికీ ‘వెన్’ అనే అంటారు. ‘అన్నయ్య వస్తే చెబుతాను’ అన్నప్పుడు రావడం ఖాయమో కాదో మన వాక్యం తేల్చదు, ‘వెన్’ కూడా తేల్చదు. ఆ అనుమానాన్ని స్పష్టం చేయదలచుకుంటే ‘ఫాల్స్’ అనే మాట ఉంది.

సమర్పకురాలు: చివరి ఫోన్ భీమవరం నుండి.

శ్రోత: డబ్బు చెల్లించడానికీ, లెక్కపెట్టడానికీ ఉన్న మాటలు నాకు ఒకేలా వినిపిస్తున్నాయండి.

ఉపాధ్యాయుడు: చెల్లించడం ‘త్సాలెన్’, లెక్కపెట్టడం ‘త్సేలెన్’. మొదటి హల్లు గురించి మీరు దిగులుపడనక్కర లేదమ్మా, మనం ‘చలి’, ‘చాప’ అనేటప్పుడు పలికే దంత్య చకారానికి అది చాలా దగ్గర. తేడా అంతా అచ్చులోనే ఉంది, రెండింటిలోనూ దీర్ఘం నిలవాలి. లెక్కపెట్టడం ఏమిటో ఒకసారి అనండి.

శ్రోత: త్సెలెన్.

ఉపాధ్యాయుడు: మొదటి అక్షరం పొట్టిదైపోయింది. ‘చేను’లో ‘ఏ’ అచ్చును సాగదీసినట్లు సాగదీసి, మళ్లీ అనండి.

శ్రోత: త్సేలెన్.

ఉపాధ్యాయుడు: ఇప్పుడు సరిగ్గా ఉంది.