బాగుచేశాక వేడెక్కే బండి
(ఐ.టి.ఐ. మోటార్ మెకానిక్ విద్యార్థుల ముందు ఒక ఆటోనగర్ మేస్త్రీ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా ఇంజన్ పని చేస్తున్నాను. ఏదో ఒక విషయం మీద పిల్లలతో మాట్లాడమని మీ సారు అడిగారు. మా షెడ్లలో అన్నిటికంటే ఎక్కువ మాటపట్టింపులు తెచ్చే విషయాన్నే ఎంచుకున్నాను. రేడియేటర్ పనో, ఇంజన్‌లో నీళ్లు తిప్పే పంపు, అదే మనం వాటర్ బాడీ అంటాం, దాని పనో చేసి పంపిన బండి వారం తిరక్కుండా మళ్లీ వస్తుంది. "మునుపటికంటే ఎక్కువ హీటెక్కుతోంది మేస్త్రీ" అంటాడు ఓనరు.

అప్పుడు చాలామంది ఇంకో పార్టు మీద పడతారు. రేడియేటర్ మార్చాం కాబట్టి ఇక వాటర్ బాడీయే అంటారు. అదీ మార్చాక హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు పట్టీ అంటారు. బిల్లు పెరుగుతుంది, వేడి తగ్గదు. తమ్ముళ్లూ, నిన్నటిదాకా లేని జబ్బు ఇవాళ కనబడితే, నిన్న మన చెయ్యి ఎక్కడ పడిందో అక్కడే ముందు వెతకాలి. ఏ బోల్టు విప్పాం, ఏ వైరు కలిపాం, ఏం పోశాం, ఇవి వరసగా గుర్తుచేసుకోవాలి. వేరే షెడ్డులో చేసిన పనైతే ఓనర్ని కూర్చోబెట్టి ఓపిగ్గా అడగాలి.

దానికంటే ముందు ఇంకొకటి తేల్చుకోవాలి. అసలు బండి వేడెక్కిందా, డ్యాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు మాత్రమే పైకి వచ్చిందా? రెండూ ఒకటి కాదు. ఒక రిటైర్డ్ టీచరు గారి కారు మా దగ్గర కొత్త రేడియేటర్ వేయించుకుని వెళ్లింది. నాలుగో రోజు ఆయన కోపంగా వచ్చారు. "ఏవయ్యా, అంతకుముందు ముల్లు అడుగు నుంచి లేచేది కాదు. నువ్వు ముట్టుకున్నాక సగానికొచ్చి కూర్చుంటోంది!" ఇంజన్ కంప్యూటర్ లెక్కలు చదివే స్కానర్ పెట్టి చూపించాను. 89, 90, 91 డిగ్రీలు. అంతకు మించి పోలేదు. జరిగిందేమిటంటే, ఎప్పుడో ఎవరో ఆ బండిలో థర్మోస్టాట్ వాల్వు, అంటే ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కు నీళ్ల దారి తెరిచే వాల్వు, పీకేశారు. ఏళ్ల తరబడి ఇంజన్ చల్లగానే తిరిగింది. మేం 88 డిగ్రీల వాల్వు కొత్తది వేశాం. ఇంజన్ తన అసలు వేడికి అప్పుడే వచ్చింది. ఆయనకు టీ తెప్పించి ఇదంతా చెప్పడానికి అరగంట పట్టింది. ఆ అరగంట కూడా రిపేరులో భాగమే అనుకుంటాను.

రెండోవైపు కూడా ఉంది. ఇప్పటి బండ్లు చాలావాటిలో డ్యాష్‌బోర్డు ముల్లు నిజం మొత్తం చెప్పదు. వేడి కొంత అటూ ఇటూ మారినా నడుమనే నిలబడేట్టు కంపెనీ వాళ్లే పెడతారు. అలాంటి ముల్లు నడుమ దాటి కదిలిందంటే లోపల పరిస్థితి అప్పటికే చెయ్యి దాటుతోందని అర్థం. అందుకే ముల్లును నమ్మి పార్టులు విప్పొద్దు. స్కానర్‌లో కూలెంట్ వేడి, అంటే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల వేడి చూడండి. దాంతోపాటు థర్మోస్టాట్ ఉండే గూడు, అంటే హౌసింగ్ మీద, ముట్టుకోకుండా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి పోల్చండి. మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ తక్కువ చూపిస్తుంది. అక్కడ చిన్న నల్ల టేపు ముక్క అతికించి, టేపు మీద కొలవండి.

నిజంగానే వేడెక్కుతోందని తేలితే, ఎప్పుడు ఎక్కుతోందో అడగండి. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఎక్కి, హైవే మీద దిగిపోతుంటే రేడియేటర్‌కు తగిలే గాలి సంగతి చూడాలి. హైవే మీద వంద దాటినప్పుడో ఘాట్ రోడ్డులోనో ఎక్కితే నీళ్ల ప్రవాహం చూడాలి. ఎప్పుడు ఎక్కుతుందో ఎప్పుడు దిగుతుందో లెక్క లేకుండా ముల్లు గంతులేస్తుంటే, లోపల గాలి చిక్కుకుందేమో చూడాలి.

పని చేశాక తిరిగొచ్చే బండ్లలో నేను ఎక్కువగా చూసింది ఈ గాలే. మనం ఎయిర్ లాక్ అంటాం. కూలెంట్ మొత్తం దించి మళ్లీ పోసినప్పుడు గాలి ఎత్తైన చోట్ల దాక్కుంటుంది. థర్మోస్టాట్ హౌసింగ్‌లో, హీటర్ పైపుల్లో, హెడ్ లోపల. బాటిల్‌లో నీళ్లు మార్కు దాకా కనిపిస్తాయి, మూత బిగించి పంపేస్తాం. సెన్సర్ నీళ్లలో మునిగి ఉండాల్సింది గాలిలోనో ఆవిరిలోనో ఉంటుంది. డ్యాష్‌బోర్డు వెనక బుడబుడమని చప్పుడు వస్తుంది. తెల్లారి చూస్తే బాటిల్‌లో నీళ్లు దిగిపోయి ఉంటాయి.

దీనికి తొందర పనికిరాదు. బండి మూతి పైకి ఉండేట్టు ర్యాంపు మీద నిలబెట్టండి. లోపల హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పండి. మన ఊళ్లో హీటర్ ఎవరూ వాడరు కాబట్టి ఈ సంగతి మరిచిపోతారు. అది మూసి ఉంటే కొన్ని బండ్లలో ఆ పైపుల్లో గాలి అలాగే ఉండిపోతుంది. గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు ఆగి సన్నని ధార వచ్చేదాకా నెమ్మదిగా పోయండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడపండి. పూర్తిగా చల్లారాక మళ్లీ మట్టం చూడండి. థర్మోస్టాట్‌కు చిన్న రంధ్రం ఉంటుంది, గాలి పోవడానికి పెట్టిందది. వాల్వు నిలువుగా కూర్చునే బండ్లలో అది పైకి ఉండాలి.

ఇప్పుడు ఫ్యాన్ కథ. ఒక బండికి వేరే షెడ్డులో కొత్త రేడియేటర్, కొత్త ఫ్యాన్ మోటారు, కొత్త వాల్వు వేశారు. హైవే మీద బ్రహ్మాండం. ట్రాఫిక్‌లో అయిదు నిమిషాలు ఆగితే వేడి. ఫ్యాన్ తిరుగుతోంది, చప్పుడు వినిపిస్తోంది, కాబట్టి ఎవరికీ దాని మీద అనుమానం రాలేదు. నేను గ్రిల్లు సందులోంచి న్యూస్‌పేపర్ ముక్క ఒకటి రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్ ముందు పెట్టాను. ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంటే కాగితం అతుక్కోవాలి. ఇక్కడ ఎగిరి వచ్చి నా చొక్కాకు తగిలింది. కనెక్టర్ సరిపోలేదని వైర్లు కత్తిరించి కలిపిన చోట ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఇంజన్ దగ్గరి వేడి గాలినే రేడియేటర్‌లోంచి ముందుకు తోస్తోంది ఆ ఫ్యాన్. రెండు వైర్లు మార్చి టేపు చుట్టాను. ఆ కుటుంబం రెండు నెలలు ఆ బండిలో పిల్లల్ని ఎక్కించుకోవడానికి భయపడింది.

ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ గూడు, రేడియేటర్ అంచుల ఫోమ్ పట్టీలు పాతవని పారేయకండి. అవి లేకపోతే గాలి పక్కదారి పడుతుంది.

ఇంకా మన చేతి తప్పులే చెబుతాను. వాల్వు తిరగేసి బిగించడం: మైనం ఉన్న స్ప్రింగు వైపు ఇంజన్ దిక్కు ఉండాలి. సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తే లోపలికి పిండుకుని ముద్దలై దారులు మూస్తుంది. బెల్టు తప్పు దారిలో వేస్తే వాటర్ బాడీ వెనక్కి తిరుగుతుంది. రేడియేటర్ మూత చిన్నదని చులకన చేయొద్దు, అది ఎంత ఒత్తిడి పడుతుందో దాని మీద అంకె చదవండి. 1.1 బార్ మూత గట్టిగా పట్టుకుంటే మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీలు దాటాక గానీ మరగవు. అదే మూత లూజైతే నూరుకే మరిగి బయటికి తన్నుతాయి. కూలెంట్ చిక్కగా పోస్తే మంచిదనుకుని నీళ్లు కలపకుండా పోసేవాళ్లున్నారు. చిక్కటి ఇథిలీన్ గ్లైకాల్ లీటరుకు మోసే వేడి, నీళ్లు మోసేదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే. సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. రెడీమిక్స్ డబ్బా అయితే ఇంకేం కలపొద్దు. బోరు నీళ్లు మాత్రం వద్దు. టీ గిన్నె అడుగున కట్టే తెల్లటి పొరే ఇంజన్ లోపలా కడుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే హెడ్ గ్యాస్కెట్ మాట ఎత్తండి. మొదటిసారి వేడెక్కినప్పుడే హెడ్ వంగి ఉండొచ్చు. రాత్రంతా చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా గట్టిపడితే, మూత తీసిన రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే, అనుమానించండి. నీలం ద్రావకం టెస్టరుతో చూడండి. పొగ గ్యాసు నీళ్లలో కలుస్తుంటే ఆ నీలం పసుపు తిరుగుతుంది. అది తిరగకుండా హెడ్ దించొద్దు.

ఒకటి బతిమాలి చెబుతున్నాను. దారి తోచనప్పుడు థర్మోస్టాట్ పీకి పక్కన పడేయకండి. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వు రేడియేటర్ దారి తెరుస్తూ బైపాస్ దారి మూస్తుంది. పీకేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. నీళ్లలో కొంత రేడియేటర్ మొహం చూడకుండా ఇంజన్‌లోనే తిరుగుతాయి, వేడి ఇంకా పెరుగుతుంది. అనుమానముంటే గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వాల్వు వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి పొయ్యి మీద కాచండి. 88 అని ఉన్నది ఆ చుట్టుపక్కల తెరుచుకోవడం మొదలుపెట్టాలి. మా షెడ్డులో దానికోసం ఒక పాత పాల గిన్నె ఉంది.

ఆవరణలో ఒక బండి నిన్న రాత్రి నుంచి ఆపి ఉంచాను. దాని మూత ఇప్పుడు చేత్తో తీయొచ్చు. వేడి మీద ఎప్పుడూ తీయకండి. నా కుడి మోచేతి మీద ఉన్న ఈ మచ్చ పద్దెనిమిదేళ్ల వయసులో అలా తీసినందుకే వచ్చింది. పదండి, బయటికి వెళ్దాం. ఒకరు స్టార్ట్ చెయ్యండి. ఇంకొకరు ఫ్యాన్‌కు దూరంగా నిలబడి పై హోస్ మీద చెయ్యి వేసి ఉంచండి. వేడి నీళ్లు ఎన్నో నిమిషంలో వచ్చాయో గడియారం చూసి నాకు చెప్పండి.