సుడిగాలికి లేచిపోయిన ఇల్లు

శ్రోతలకు నమస్కారం.

అనంతపురంలో ఆషాఢపు గాలి ఎలా ఉంటుందో ఈ ప్రసంగం వింటున్న మీలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. మిద్దె మీద ఆరేసిన చీర పక్కవీధిలో దొరుకుతుంది. గడియ వేయని తలుపు రాత్రంతా కొట్టుకుంటూనే ఉంటుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఇసుకను లేపి చేలలో పోసేదీ ఈ గాలే. హగరి అని మనం పిలుచుకునే ఆ ఏటి పక్కన ఇసుకదిబ్బలను చూసిన కొత్తవాళ్లు, రాజస్థాన్‌కు గానీ వచ్చామా అని అడుగుతారు. అలాంటి గాలి వీస్తున్న ఒక మధ్యాహ్నం, కిటికీలన్నీ మూసుకుని, బెంగళూరు నుంచి వచ్చిన మా మనవరాలితో కలిసి ఒక పాత సినిమా చూశాను. దానికి తొమ్మిదేళ్లు. మనవరాలికి, సినిమాకు కాదు. ఆ సినిమాలో గాలి చీరతో సరిపెట్టుకోదు, ఏకంగా ఇంటినే ఎత్తుకుపోతుంది.

సినిమా పేరు 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్'. మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థ 1939లో తీసింది. దానికి మూలం ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో ప్రచురించిన పిల్లల నవల. కథ తెలియనివారి కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. డొరొతీ అనే అనాథ పిల్ల అమెరికా నడుమన ఉన్న క్యాన్సాస్ మైదానంలో చిన్నమ్మ, చిన్నాన్నల దగ్గర పెరుగుతుంటుంది. సుడిగాలి వచ్చి ఇంటితో సహా ఆమెను ఓజ్ అనే మాయాలోకంలో దించుతుంది. దిగడం కూడా ఒక దుష్ట మంత్రగత్తె నెత్తిన దిగుతుంది ఆ ఇల్లు. తిరిగి వెళ్లే దారి మరకత నగరంలోని మాంత్రికుడికే తెలుసని విని డొరొతీ బయలుదేరుతుంది. దారిలో ముగ్గురు తోడవుతారు. బుర్ర కావాలనే దిష్టిబొమ్మ, గుండె కావాలనే రేకు మనిషి, ధైర్యం కావాలనే సింహం. తీరా చూస్తే ఆ మాంత్రికుడికి ఒక్క మంత్రమూ రాదు. బెలూన్‌లో దారి తప్పి వచ్చిపడిన గారడీవాడు.

మాంత్రికులు మనకు కొత్త కాదు. తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి గారు 1951లో 'పాతాళభైరవి' తీసి ఎస్.వి. రంగారావు గారి చేత మాంత్రికుడి వేషం వేయించాక, ఇంకెవరు ఎంత పెద్ద గడ్డం పెట్టుకొచ్చినా మనకు ఆనదు. కాబట్టి ఓజ్ లోకపు మాయల జోలికి నేను ఎక్కువగా పోను. నన్ను పట్టుకున్నది క్యాన్సాస్.

నవల మొదటి రెండు పేజీలూ క్యాన్సాసే. బామ్ దానికి వాడిన రంగు ఒక్కటే, బూడిద రంగు. దున్నిన నేలను ఎండ కాల్చి బూడిద ముద్ద చేసింది, దాని నిండా నెర్రెలు. గడ్డి కూడా పచ్చగా లేదు, కొసలు మాడిపోయాయి. ఇంటికి ఒకప్పుడు రంగు వేశారు, ఎండకు అది బొబ్బలెక్కింది, వానకు కొట్టుకుపోయింది, ఇల్లు కూడా నేల రంగులోకి వచ్చేసింది. తరువాత మనుషుల వంతు. ఎమ్ చిన్నమ్మ కాపురానికి వచ్చినప్పుడు చక్కని పిల్ల. ఎండా గాలీ కలిసి ఆమె కళ్లలోని మెరుపునూ చెక్కిళ్లలోని ఎరుపునూ తీసుకుపోయాయి. ఈ అనాథ పిల్ల కొత్తగా ఇంటికి వచ్చి నవ్వినప్పుడు, ఆ నవ్వు చెవిన పడగానే ఆమె ఉలిక్కిపడి కేకవేసి గుండె మీద చెయ్యి పెట్టుకునేదట. నవ్వడానికి ఇక్కడ దీనికి ఏం దొరికింది అన్నట్టు పిల్ల వైపు వింతగా చూసేదట.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా నాయనకు పన్నెండెకరాల మెట్ట. వేసేది వేరుశనగ, ఎదురుచూసేది వాన. పడమటి కనుమల చాటున ఉండడం వల్ల నైరుతి రుతుపవనం మన దాకా వచ్చేసరికి తడి అయిపోతుంది. తూర్పు తీరం దూరం కావడం వల్ల ఈశాన్యం కూడా అంతంత మాత్రం. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంది, అదీ అడిగినప్పుడు రాదు. నవలలో హెన్రీ చిన్నాన్న గడప మీద కూర్చుని ఆకాశం వైపు దిగులుగా చూస్తుంటాడు. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. మా నాయన చూసేది వాన కోసం, హెన్రీ చూసేది సుడిగాలికి జడిసి. చూపు మాత్రం ఒకటే.

ఇదంతా బామ్ ఊహించి రాసింది కాదు. 1888లో ఆయన భార్యాబిడ్డలతో డకోటా ప్రాంతంలోని అబర్డీన్ అనే ఊరికి చేరి ఆటబొమ్మలు, అలంకార సామాన్లు అమ్మే అంగడి పెట్టాడు. వానలు ముఖం చాటేశాయి. రైతు చేతిలో డబ్బు ఆడలేదు, అంగట్లో అరువు ఖాతాలు పెరిగాయి. కరువు సీమలో ఆటబొమ్మలు ఎవరు కొంటారు? 1890 మొదట్లోనే అంగడి మూతపడింది. తరువాత ఒక వారపత్రిక నడిపాడు. అదీ నిలవలేదు. 1891లో షికాగో చేరాడు. తాను చూసిన డకోటా కరువునే క్యాన్సాస్ అని పేరు మార్చి నవలలో పెట్టాడు.

ఆ వారపత్రికలో ఆయన నడిపిన హాస్య శీర్షికలో ఒక రైతు వస్తాడు. మేత లేదు కదా, పశువులను ఎలా సాకుతున్నావని అడిగితే, గుర్రాలకు ఆకుపచ్చ కళ్లద్దాలు కట్టి చెక్కపొట్టు పెడుతున్నాను, గడ్డి అనుకుని తింటున్నాయి, కానీ ఒళ్లు మాత్రం చేయడం లేదు అంటాడు. ఇది చదివి నేను పగలబడి నవ్వాను. ఎద్దుకు పచ్చ అద్దాలు పెట్టి ఎండుగడ్డి మేపిన గడుసు రైతు కథ మా తాత నోట నేను చిన్నప్పుడే విన్నాను. కరువు ఉన్న చోటల్లా ఈ హాస్యం దానంతటదే పుడుతుందేమో!

పదేళ్ల తరువాత ఆ కళ్లద్దాలే నవలలోకి వచ్చాయి. మరకత నగరం ద్వారం దగ్గర కాపలావాడు వచ్చిన ప్రతివారికీ ఆకుపచ్చ కళ్లద్దాలు పెట్టి తాళం వేస్తాడు. డొరొతీ కుక్కపిల్లకు కూడా. లోపల మేడలు పచ్చన, వీధులు పచ్చన, ఎండ సైతం పచ్చన. చివర్లో ఆ గారడీవాడే ఒప్పుకుంటాడు, ఈ ఊరు మిగతా ఊళ్లకన్నా పచ్చగా ఏమీ లేదని. నన్నడిగితే నవల మొత్తంలో పదునైన చోటు ఇదే. సినిమాలో ఇది లేదు. అక్కడ నగరం నిజంగానే పచ్చగా ఉంటుంది. 27 లక్షల డాలర్లకు పైగా పోసి సినిమా తీస్తూ, మీరు చూస్తున్న ఈ పచ్చదనమంతా అద్దాల మాయ అని ఎవరు చెప్పుకుంటారు?

అలాగని సినిమాను చిన్నచూపు చూస్తున్నానని అనుకోకండి. అందులో ఒక తలుపు ఉంది. ఆ తలుపు కోసం ఆ సినిమాను ఎన్నిసార్లయినా చూడవచ్చు.

క్యాన్సాస్ ఘట్టమంతా మట్టి రంగు కలిసిన నలుపు తెలుపుల్లో నడుస్తుంది. సుడిగాలి వస్తుంది. దాన్ని ఎలా తీశారో తెలుసా? సుమారు 35 అడుగుల పొడవున మస్లిన్ గుడ్డతో గొట్టం కుట్టి, పైనుంచి వేలాడదీసి, తిప్పుతూ నడిపించారు. కింద దుమ్ము లేపారు. గుడ్డ గొట్టమని తెలిసి చూసినా భయమేస్తుంది. ఇల్లు గాలిలోంచి పడే దృశ్యానికి, నేల మీద ఆకాశం బొమ్మ వేసి, దాని మీదకు బొమ్మరిల్లును జారవిడిచి, ఆ ఫిల్మును వెనక్కు నడిపించారు. సరే, ఇల్లు దిగింది. డొరొతీ మట్టి రంగు గదిలో నడిచి వెళ్లి మట్టి రంగు తలుపు తీస్తుంది. అవతల ఎర్రని పూలు, నీలి నీళ్లు, పసుపు ఇటుకల దారి. కోత లేకుండా ఒకే దృశ్యంలో. ఆ దృశ్యం మొదటి నుంచీ రంగుల్లో తీసిందే. గది గోడలకే మట్టి రంగు పూశారు. మట్టి రంగు గౌను తొడిగిన మరో అమ్మాయి చేత తలుపు తీయించి పక్కకు తప్పించారు. నీలి గళ్ల గౌనుతో, డొరొతీ వేషం వేసిన జూడీ గార్లండ్ ముందుకు నడిచింది.

మా మనవరాలు అక్కడ "ఆ" అని నోరు తెరిచింది. పుట్టినప్పటి నుంచీ చేతిలో రంగుల తెర ఉన్న పిల్ల! రంగును చూసి ఆశ్చర్యపోవాలంటే అంతకుముందు ఇరవై నిమిషాల పాటు రంగు లేకుండా కూర్చోవాలి మరి. ఈ ఆలోచన కూడా పుస్తకంలోదే. తొలి ముద్రణలో డెన్స్‌లో అనే చిత్రకారుడు, కథ ఏ ప్రాంతంలో నడిస్తే ఆ ప్రాంతపు రంగులో బొమ్మలు వేశాడు.

నా ఫిర్యాదు వేరే. సినిమావాళ్లు క్యాన్సాస్‌లో రంగును తీసేశారు గానీ కరువును చూపించలేదు. ఆ ఇంట్లో పందులున్నాయి, పొదిగించే పెట్టెలో కోడిపిల్లలున్నాయి, ముగ్గురు పనివాళ్లున్నారు. ముగ్గురు జీతగాళ్లను పెట్టుకున్న రైతుకు కష్టమేమిటి? నవలలోని ఇంటికి ఉన్నది ఒకే గది, తుప్పు పట్టిన పొయ్యి, మూడో నాలుగో కుర్చీలు, గాలి వస్తే దూరడానికి నేలలో మన గింజల పాతర లాంటి గొయ్యి. ఇక సినిమాలో ఆ పిల్ల ఇంద్రధనుస్సు మీద పాట పాడుతుంది. రంగు లేని ఊళ్లో పెరిగిన పిల్ల చూసిన రంగు అదొక్కటే అయి ఉంటుందని పాట రాసిన హార్బర్గ్ ఆలోచన. నిడివి ఎక్కువైందని ఆ పాటనే తీసేయబోయారట, నయం. పాట అమృతం, కాదనను. నవలలో మాత్రం ఇంద్రధనుస్సు లేదు. అది రావాలంటే ముందు వాన పడాలి కదా.

చెప్పుల సంగతి ఒక మాట. నవలలో అవి వెండివి, రంగుల తెర మీద మెరవాలని సినిమాలో కెంపులు చేశారు. ఆ కెంపుల జోళ్లలో ఒక జత 2005లో దొంగలపాలై, 2018లో దొరికి, 2024 డిసెంబరు వేలంలో 2 కోట్ల 80 లక్షల డాలర్లు పలికింది. కెంపులు కూడా కావు, తళుకు బిళ్లలు! తొలకరి పడగానే వజ్రకరూరు చేలలో వంగి వజ్రాలు వెతికేవాళ్లకు ఈ సంగతి చెప్పకపోవడమే మేలు.

నవలలో దిష్టిబొమ్మ ఒకచోట డొరొతీని అడుగుతుంది: ఇంత అందమైన దేశం వదిలి, ఎండిపోయిన ఆ బూడిద రంగు ఊరికి ఎందుకు పోతానంటావని. నీకు బుర్ర లేదు కాబట్టి అలా అడుగుతున్నావు, ఎంత బోసిగా ఉన్నా రక్తమాంసాలున్న మనుషులు సొంత ఊళ్లోనే ఉండాలనుకుంటారు అంటుంది డొరొతీ. దిష్టిబొమ్మ ఆలోచించి, నాకు నిజంగానే అర్థం కాలేదు, మీ బుర్రల్లో కూడా నాలాగా గడ్డి ఉంటే అందరూ అందమైన చోట్లకే చేరేవాళ్లు, అప్పుడు క్యాన్సాస్‌లో మనిషి మిగిలేవాడు కాదు, మీకు బుర్రలుండడం క్యాన్సాస్ అదృష్టం అంటుంది.

మా అబ్బాయి నెలకొకసారి ఫోను చేసి ఇదే అడుగుతాడు. అమ్మా, ఆ ఎండలో, ఆ దుమ్ములో ఏముంది, బెంగళూరు వచ్చేయ్ అని. వాడికి నేను డొరొతీ చెప్పిన జవాబు చెప్పలేను, ఎంతైనా కన్నకొడుకు. వాడి బుర్రలో గడ్డి లేదు, ఇంజనీరింగు ఉంది. మా నాయన పన్నెండెకరాలు ఇప్పుడు కౌలుకు ఇచ్చాం. మా పల్లెలో తాళం వేసిన ఇళ్లు నేను లెక్కపెట్టడం మానేశాను.

సినిమా ఆఖరున డొరొతీ మంచం మీద కళ్లు తెరుస్తుంది. అంతా కల. మా మనవరాలికి ఒళ్లు మండింది. "కలేనా అవ్వా? ఇంతసేపూ కల చూపించారా?" అంది. పుస్తకంలో కల కాదమ్మా అని చెప్పాను. అందులో ఓజ్ నిజం, సుడిగాలి నిజం, ఇల్లు పోవడమూ నిజం. డొరొతీ ఎగిరి వచ్చి గడ్డిలో పడేసరికి, పాత ఇంటి స్థానంలో హెన్రీ చిన్నాన్న కొత్త ఇల్లు కట్టించి ఉంటాడు. ఎమ్ చిన్నమ్మ అప్పుడే క్యాబేజీలకు నీళ్లు పోయడానికి బయటకు వచ్చి, తలెత్తి పిల్లను చూస్తుంది.

"కొత్త ఇంటికి డబ్బులు ఎక్కడివి?" అంది మా మనవరాలు.

ఆ ప్రశ్నకు బామ్ 1910లో జవాబు చెప్పాడు, ఓజ్ వరుసలోని ఆరో పుస్తకంలో. కొత్త ఇంటి కోసం హెన్రీ పొలం తాకట్టు పెట్టాడు. ఆరోగ్యం చెడింది. వచ్చిన పంట తిండికే సరిపోయింది. అప్పు తీరలేదు. గడువులోగా కట్టకపోతే పొలం తీసుకుంటామని బ్యాంకు వాళ్లు చెప్పేశారు. డొరొతీ వాళ్లిద్దరినీ ఓజ్‌కు తీసుకుపోయింది, ఈసారి తిరిగి రాకుండా.

ఇదంతా పిల్లకు చెప్పవచ్చునో లేదో అనుకుంటూనే చెప్పేశాను. బయట గాలి తలుపును తోస్తూనే ఉంది. పిల్ల కాసేపు మాట్లాడలేదు. తరువాత నా వైపు తిరిగి, "మరి ఆ క్యాబేజీలకు నీళ్లు ఎవరు పోస్తారవ్వా?" అని అడిగింది.